చేతులు మారిస్తే సరిపాయె

పోయిన ఏడాది ట్రెడిషనల్ డే రోజు నా ఫ్రెండ్ కాలేజీకి రాలేదు. తలనొప్పి అని మెసేజ్ పెట్టింది. సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళి చూస్తే మంచం మీద పడుకుని మా గ్రూప్ ఫోటోలే చూస్తోంది. రెండు మూడు సార్లు అడిగాక అసలు సంగతి చెప్పింది. తన దగ్గర ఉన్నది ఒక్కటే లంగా ఓణీ. అది ఫ్రెషర్స్ డేకి వేసేసింది, ఆ ఫోటోలు ఇన్‌స్టాలో ఉన్నాయి. మళ్ళీ అదే వేసుకొస్తే ఎవరో ఒకరు "రిపీటా?" అంటారు. ఆ ఒక్క మాట పడలేక రూమ్‌లోనే ఉండిపోయింది. (తనని అడిగే ఇది రాస్తున్నాను.)

నేను ఏం అనలేకపోయాను. ఎందుకంటే ఆ రోజు నేను వేసుకెళ్ళింది ఒక యాప్‌లో కొన్న 1,800 రూపాయల డ్రెస్. మా అమ్మ పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. ఆ 1,800 ఆమె ఓవర్‌టైమ్ డబ్బులు. మొదటి ఉతుకులోనే దాని రంగు నా తెల్ల ప్యాంటుకి అంటుకుంది. తర్వాత ఇంకోసారి కూడా వేసుకోలేదు. క్లాసులో అమార్టైజ్డ్ కాస్ట్ అని చెప్తారు కదా, ఖర్చుని ఎన్నిసార్లు వాడామో దాంతో భాగించడం. నా డ్రెస్ లెక్క సింపుల్: 1,800 భాగించు 1.

"బట్టల్లో ఏముంది, మనసు ముఖ్యం" అని నేను రాయబోవడం లేదు. అలా చెప్పేవాళ్ళ బీరువాలు మామూలుగా నిండుగానే ఉంటాయి. మంచిగా కనపడాలని మనకీ ఉంటుంది, అందులో తప్పేం లేదు. తక్కువ డబ్బుతో ఎలా అన్నదే ప్రశ్న. ఈ ఏడాదంతా నేనూ, నా ఫ్రెండూ, ఇస్నాపూర్‌లో మా వీధి టైలర్ అక్కా కలిసి చేసిన ప్రయోగాల్లో పనికొచ్చినవి ఇక్కడ చెప్తాను.

ముందు సీజన్ సంగతి. ఇంగ్లిష్ ఫ్యాషన్ వాళ్ళకి స్ప్రింగ్-సమ్మర్ అనీ, ఆటమ్-వింటర్ అనీ రెండు సీజన్లు. మన సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఆ లెక్క పనిచేయదు. మన సీజన్లు పంచాంగం చూసి వస్తాయి. శ్రావణంలో పెళ్ళిళ్ళు, వరలక్ష్మీ వ్రతం. తర్వాత బతుకమ్మ, దసరా, దీపావళి. మాఘంలో మళ్ళీ పెళ్ళిళ్ళు. వీటన్నిటికీ ముందు ఒక ఖాళీ నెల ఉంటుంది, అదే ఆషాఢం. ఆషాఢంలో పెళ్ళి ముహూర్తాలు ఉండవు. మనకి బోనాలు ఉంటాయి కానీ, పెళ్ళి బట్టల బేరం మాత్రం పడిపోతుంది. షాపులవాళ్ళకేమో శ్రావణానికి కొత్త సరుకు దింపాలి, దానికి చోటూ డబ్బూ కావాలి. అందుకే ఆషాఢం సేల్ బోర్డులు. అందులో అమ్మేది ఎక్కువగా పోయిన సీజన్ సరుకే. మరి పాత సరుకు కొని ట్రెండ్‌లో ఎలా ఉంటాం? ఆషాఢంలో కొనాల్సింది రెడీమేడ్ డ్రెస్ కాదు, ప్లెయిన్ బట్ట. ప్లెయిన్ జార్జెట్, ప్లెయిన్ కాటన్, ప్లెయిన్ రా సిల్క్. వీటికి ఏ ఏడాదీ వయసు రాదు.

ఆషాఢంలో ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ బోర్డు మీద రాయరు. టైలర్లు ఖాళీగా ఉంటారు. సద్దుల బతుకమ్మకి నాలుగు రోజుల ముందు జాకెట్ పట్టుకెళ్తే ఏ టైలరైనా "కాదు" అంటుంది, లేదా "డబుల్ అయితది" అంటుంది. అదే జూలైలో వెళ్తే కూర్చోబెట్టి, మన ఫోన్‌లో ఫోటో చూసి, ఇది నీకు నప్పుతదా లేదా అని కూడా చెప్తుంది. ఆ పది నిమిషాల సలహాకి విలువ కట్టలేం.

ఇక అసలు విషయానికొస్తా. ట్రెండ్ మారింది అంటాం కదా, సరిగ్గా ఏం మారింది? మన సీఎస్ఈ వాళ్ళకి డిఫ్ అంటే తెలుసు. పాత ఫైల్, కొత్త ఫైల్ పక్కపక్కన పెడితే ఏ లైన్లు మారాయో చూపిస్తుంది. నేను నా ఫ్రెండ్ పాత లంగా ఓణీ ఫోటోనీ, తనకి నచ్చి ఇన్‌స్టాలో సేవ్ చేసుకున్న కొత్త ఫోటోనీ పక్కపక్కన పెట్టాను. లంగా దాదాపు అదే. అంచు అదే. మారినవి: చేతుల పొడవు, వెనక మెడ, ఓణీ బట్ట, గాజులు. అంతే. వంద లైన్ల ప్రోగ్రామ్‌లో నాలుగు లైన్లు మారితే మనం మొత్తం మళ్ళీ రాయం కదా. బట్టల దగ్గర మాత్రం మొత్తం కొనేస్తాం.

పైగా ఆ మారిన లైన్లు కూడా కొత్తవేం కాదు. బుట్టచేతులు చూడండి. మా అమ్మమ్మ పెళ్ళి ఫోటోలో బుట్టచేతుల జాకెట్ ఉంది. 2018లో వచ్చిన 'మహానటి' సినిమాలో సావిత్రి కాలం జాకెట్లనీ చీరల్నీ మళ్ళీ తయారు చేశారు, ఆ సినిమాకి కాస్ట్యూమ్స్‌లో జాతీయ అవార్డు వచ్చింది. ఇప్పుడు నా ఫోన్ నాకు "న్యూ అరైవల్" అని చూపిస్తున్నవీ అవే చేతులు. మోచేతి దాకా పొడవు చేతులు, పడవ మెడ, అన్నీ ఇలాగే పోతాయి, వస్తాయి.

ఆ లంగా ఓణీ తీసుకుని టైలర్ అక్క దగ్గరికి వెళ్ళాం. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ లంగాకేమైంది బిడ్డా? మంచిగనే ఉన్నది గదా."

"పాతదైపోయింది అక్కా, అందరూ చూసేశారు."

"లంగా ఎవలు చూస్తరే, ముఖం కాడికెల్లి మోచెయ్యి దాకా చూస్తరు. చేతులు మారిస్తే సరిపాయె."

ఫోటోలో మనిషి కనిపించేది నడుము పైనే ఎక్కువ. అక్క ఏ ఫ్యాషన్ కోర్సూ చేయలేదు, ఇరవై ఏళ్ళుగా మిషన్ మీద కూర్చుంటోంది. పాత జాకెట్‌కి చేతులు మాత్రమే మార్చాలంటే అదే బట్ట కావాలి, మా దగ్గర లేదు. అందుకని లంగా అంచులో సన్నగా కనిపించే ఆకుపచ్చ రంగు చూసి, అదే రంగులో కొత్త జాకెట్ కుట్టమంది. ఖర్చు ఇలా అయింది: మీటరు కట్ పీస్ 120, లైనింగ్ 60, కుట్టుకూలి 350. ఓణీకి రెండున్నర మీటర్ల నెట్ 200, దాని చుట్టూ లేస్ 100. మొత్తం 830. నేను ఒక్కసారి వేసుకున్న డ్రెస్ ధరలో సగం కన్నా తక్కువ.

ఆ ఆకుపచ్చ జాకెట్ ఆ ఒక్క లంగాకే కాదు, వాళ్ళ అమ్మ చీరలు రెండింటి మీదకి కూడా నప్పింది. ఇక్కడే లెక్క బాగుంటుంది. రెండు లంగాలు, మూడు జాకెట్లు, రెండు ఓణీలు ఉంటే 2 × 3 × 2 = 12 జతలు. అన్నీ కుదరవనుకోండి, ఎరుపు మీద ఎరుపు మీద ఎరుపు వేసుకుంటే కుంకుమ భరిణెలా ఉంటాం. కానీ ఏడెనిమిదైనా కుదురుతాయి. బతుకమ్మకి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. మిగిలినవి ఎనిమిది. సరిపోయింది!

అమ్మ చీరతో కుట్టించుకోవడం మనందరికీ తెలిసిందే, కానీ దాంట్లో కొన్ని చూసుకోవాలి. చీర పొడవు మామూలుగా ఐదున్నర మీటర్లు. లంగాకి మూడు మీటర్లు, ఓణీకి రెండున్నర తీస్తే సరిగ్గా అయిపోతుంది. లేదా మొత్తం లాంగ్ ఫ్రాక్‌కి వాడితే మంచి ఘేర్ వస్తుంది, చీర అంచే కింద బార్డర్ అవుతుంది. ఓణీ విడిగా కొనేట్టయితే చీరలో మిగిలిన బట్టతో చెల్లికి కూడా ఏదో ఒకటి వస్తుంది. పాత పట్టుచీర అయితే మాత్రం ముందు మడతల దగ్గర రెండు చేతులతో మెల్లగా లాగి చూడండి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు, జరీ అక్కడే చిట్లుతాయి. చిర్రుమని శబ్దం వస్తే దాన్ని కుట్టించకండి. చంకల దగ్గర, నడుము దగ్గర బట్ట మీద లాగుడు ఎక్కువ, మొదటి రోజే చిరుగుతుంది. అలాంటి చీరలో గట్టిగా ఉన్న అంచు మాత్రం కత్తిరించి ప్లెయిన్ బట్టకి వేయించుకోవచ్చు.

కొత్త మోడల్ కుట్టించేటప్పుడు భయమైతే, ముందు పనికిరాని బట్ట మీద కత్తిరించి చూడమనండి. 2017 నుంచి కొన్నేళ్ళు సర్కారు బతుకమ్మ చీరలు పంచింది కదా, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి. మా ఇంట్లో అమ్మవీ అమ్మమ్మవీ కలిపి అవి ఒక మూట ఉన్నాయి. టైలర్ అక్క నా లాంగ్ ఫ్రాక్‌ని ముందు వాటిలో ఒకదాని మీద కత్తిరించి, పిన్నులు పెట్టి నాకు తొడిగి చూసింది. భుజం ఒక ఇంచు ఎక్కువ వచ్చింది. అదే అమ్మ చీర మీద వచ్చుంటే!

అమ్మ చీర అన్నాను కదా, అది అంత తేలిగ్గా దొరకలేదు. అడగగానే అమ్మ ఏం మాట్లాడలేదు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చాక తనే బీరువా తీసి మూడు చీరలు మంచం మీద వేసింది. "ఇది నీకు, ఈ రెండు ముట్టుకోకు" అంది. నాకిచ్చిన నీలం చీర తను కట్టుకోవడం నేను రెండుసార్లే చూశాను. కంపెనీలో ఎలాగూ ఏప్రన్, తలకి క్యాప్, ఎవరేం కట్టుకున్నారో కనపడదు. ఆ చీరలు కనపడేదల్లా ఇస్నాపూర్ చౌరస్తాలో కంపెనీ బస్సు ఎక్కేవరకే. నిజానికి మన బెల్ట్‌లో ట్రెండ్ ముందు తెలిసేది అక్కడే. షిఫ్ట్ మారే టైమ్‌లో పది నిమిషాలు నిలబడితే ఈ నెల ఏ రంగు నడుస్తోందో తెలిసిపోతుంది, ఇన్‌స్టా అక్కర్లేదు.

అక్కడే ఇంకోటి కూడా నడుస్తుంది, కిస్తీల మీద చీరలు. తెలిసినామె సంచిలో తెచ్చి చూపిస్తుంది, వారానికి వంద ఇస్తే చాలంటుంది. అమ్మ అలా కొన్న ఒక చీర కిస్తీలు నేను కూడితే 1,200 అయింది. అలాంటి చీరే బజారులో 850కి చూశాం. చేతిలో ఒకేసారి 850 లేకపోవడానికి కట్టిన ఫైన్ 350 అన్నమాట. ఆమెను తప్పు పట్టను, ఆమెకూ అదే బతుకుదెరువు, కొందరు ఎగ్గొడతారు కూడా. కానీ ఇప్పుడు మేం ఆ వారం వందని డబ్బాలో వేస్తున్నాం. ఆషాఢం నాటికి అదే కొనుగోలు డబ్బు.

ఇక ఎక్కడ కొనాలి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి మనకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. బట్టల బడ్జెట్‌కి దీనికి సంబంధం ఏంటంటే, ఇంతకు ముందు సిటీకి పోయి రావడానికి ఇద్దరికి అయ్యే ఛార్జీలు చూసుకుని "ఇక్కడే కొందాంలే" అనుకునేవాళ్ళం. ఇప్పుడు పటాన్‌చెరులో 218 ఎక్కితే కోఠి, 219 ఎక్కితే సికింద్రాబాద్. కోఠిలో దిగితే సుల్తాన్ బజార్, సికింద్రాబాద్‌లో జనరల్ బజార్. జనరల్ బజార్‌లో మీటర్ల లెక్కన బట్ట, లేసులు, లైనింగ్, మ్యాచింగ్ అన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి లంగా చేతిలో పట్టుకుని రంగు కలుపుకోవచ్చు. గాజులకి చార్మినార్ దగ్గర లాడ్ బజార్. ఒక్క జాకెట్ ముక్క కోసం మాత్రం వెళ్ళకండి. బస్సు ఫ్రీయే కానీ రోజు ఫ్రీ కాదు, ఎర్రగడ్డ దాకా నిలబడే వెళ్ళాలి. నలుగురి లిస్టు రాసుకుని ఇద్దరు వెళ్ళడం మేలు.

బట్ట కొనేటప్పుడు షాపులో అడగాల్సిన మొదటి మాట "పన్నా ఎంత?" పన్నా అంటే బట్ట వెడల్పు. 36 ఇంచుల పన్నా మీటరు 90 అంటే చవకగా అనిపిస్తుంది, కానీ 44 ఇంచుల పన్నా మీటరు 100కి దొరికితే అదే చవక. కుర్తీకి మొదటిదానిలో ఇంకో అర మీటరైనా ఎక్కువ పడుతుంది.

రెండోది, "ప్యూర్ కాటన్" అన్నంత మాత్రాన నమ్మకండి. అంచు నుంచి ఒక పోగు లాగి ఇంటికొచ్చాక సింక్ దగ్గర అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి చిన్న గట్టి పూసలా మిగులుతుంది. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన. రేయాన్ కూడా కాటన్ లాగే కాలుతుంది కాబట్టి దాన్ని ఇలా పట్టుకోలేం, కానీ అది చేతికి జారుతుంది. రేయాన్ తడిస్తే బలం తగ్గుతుంది, గట్టిగా పిండకూడదు. కాటనైనా రేయానైనా కుట్టించే ముందు నీళ్ళలో తడిపి ఆరేయండి, లైనింగ్‌తో సహా. లేకపోతే కుట్టాక మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోయి పై బట్ట ముడతలు పడుతుంది. రంగు పోతుందో లేదో తెలియాలంటే తెల్ల కర్చీఫ్ తడిపి ఒక మూల రుద్దితే చాలు. నా తెల్ల ప్యాంటు పోయాక తెలుసుకున్నా ఇది.

యాప్‌ల గురించి పెద్దగా చెప్పను, మనకి బాగా తెలుసనుకుంటాం కాబట్టి. మోడల్ ఫోటో కాదు, కొన్నవాళ్ళు పెట్టిన ఫోటోలు చూడండి. సైజు ఎమ్మా ఎల్లా అని కాకుండా, మీకు సరిపోయే కుర్తీని టేప్‌తో కొలిచి ఆ ఇంచులతో చార్ట్ పోల్చండి. "ఆర్ట్ సిల్క్" అంటే కళాత్మకమైన పట్టు అనుకునేదాన్ని నేను, అది ఆర్టిఫిషియల్ సిల్క్! అసలు పట్టుకైతే సెంట్రల్ సిల్క్ బోర్డు వాళ్ళ సిల్క్ మార్క్ లేబుల్ ఉందేమో చూడాలి. ఫోటోని గూగుల్ లెన్స్‌లో వేస్తే అదే డ్రెస్ వేరే పేర్లతో, వేరే ధరలతో కనపడుతుంది.

పన్ను సంగతి కూడా ఒకటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న రెడీమేడ్ బట్టలకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే పన్ను విడిగా వేసే షాపులో 2,500 డ్రెస్ 2,625కి వస్తుంది, 2,600 డ్రెస్ 3,068 అవుతుంది. వంద తేడాకి 443 కడతాం. పెళ్ళికి ఏదైనా పెద్దది కొనాల్సి వస్తే ఆ గీత దగ్గర ఆగి బేరమాడండి.

చివరగా, హాస్టల్లో ఇచ్చిపుచ్చుకోవడం. ఇది అందరూ చేస్తారు, గొడవలూ పడతారు. మేం తెలుసుకున్నదేంటంటే జాకెట్లు పంచుకోలేం, ఒకరి కొలత ఇంకొకరికి రాదు. ఓణీలు, నాడా ఉన్న లంగాలు, గాజులు, కమ్మలు మాత్రం ఎవరికైనా సరిపోతాయి. అందుకే ఎవరి జాకెట్లకి వాళ్ళు ఖర్చు పెట్టుకుని, మిగతావి కలిపి వాడుకుంటున్నాం. జాకెట్ కుట్టించేటప్పుడే రెండు పక్కలా ఇంచున్నర బట్ట లోపల వదిలిపెట్టమనండి, సెమిస్టర్ మెస్ తిండి తర్వాత విప్పుకోవచ్చు. ఆరుగురం కలిసి ఒక గూగుల్ షీట్ పెట్టాం: వస్తువు, ఎవరిది, ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు తీసుకున్నారు. రూల్స్ రెండే. ఉతికి ఇవ్వాలి. పాడైతే ముందే చెప్పాలి.

ఈ ఏడాది ట్రెడిషనల్ డేకి నా ఫ్రెండ్ అదే లంగా మీద ఆకుపచ్చ జాకెట్, నెట్ ఓణీ వేసుకుని వచ్చింది. మా క్లాసమ్మాయి ఒకామె "కొత్తదా? ఎక్కడ తీసుకున్నావ్?" అని అడిగింది. లింక్ పంపమంది కూడా. తను టైలర్ అక్క నంబర్ పంపింది. ఆ నెట్ ఓణీ తర్వాత నేను మా కజిన్ ఎంగేజ్‌మెంట్‌కి తీసుకున్నాను. షీట్‌లో మూడు వారాలుగా నా పేరు మీదే ఉంది. రేపు ఉతకాలి.